అమ్మమ్మ వాళ్ళ అమ్మ పేరేంటి? ఇంటి చరిత్ర వెతకడం ఎలా మొదలుపెట్టాలి

మీ అమ్మమ్మ పేరు మీకు తెలుసు. మరి ఆవిడ వాళ్ళమ్మ పేరు? ఆవిడ ఏ ఊరి ఆడపడుచు? చాలామందికి ఇక్కడే మాట ఆగిపోతుంది. అదే నాన్న వైపు అడిగితే ముత్తాత పేరు, ఆయన తండ్రి పేరు కూడా గడగడా చెప్పేస్తారు. నేను చూసిన వంశవృక్షాలు దాదాపు అన్నీ ఒకే తీరు: ఐదారు తరాల మగవాళ్ళు వరసగా ఉంటారు, పక్కన "ముగ్గురు కుమార్తెలు" అని ఒక ముక్క ఉంటుంది, ఆ ముగ్గురి పేర్లు ఉండవు, వాళ్ళని ఏ ఊరికి ఇచ్చారో ఉండదు. అందుకని నేను అమ్మ వైపు నుంచి, అందులోనూ అమ్మ, అమ్మమ్మ, అమ్మమ్మ వాళ్ళమ్మ అనే వరసలో వెతకడం మొదలుపెట్టాను, మిమ్మల్ని కూడా అక్కణ్ణుంచే మొదలుపెట్టమంటాను. మగవాళ్ళని వెతుకుతూ పోతే ఆడవాళ్ళు దొరకరు. ఆడవాళ్ళని వెతుకుతూ పోతే మగవాళ్ళు ఎలాగూ దొరుకుతారు.

మా సంగతి కొంచెం చెప్తాను, కింద ఉదాహరణలు అర్థమవుతాయి. నాన్న వాళ్ళది గుంటూరు జిల్లా. నిజాంసాగర్ 1931లో పూర్తయ్యాక ఆ కాలవ కింద భూములు కొనుక్కుని బోధన్ వైపు వెళ్ళి స్థిరపడినవాళ్ళలో మా తాత ఒకరు. ఇప్పటికీ అక్కడ అలాంటి ఊళ్ళని క్యాంపులనే అంటారు. అమ్మ వాళ్ళది కాకినాడ, వాళ్ళ వెనక రంగూను ఉంది. ఒక పక్క తెలంగాణ రికార్డులు, ఇంకో పక్క మద్రాసు ప్రెసిడెన్సీ రికార్డులు, మధ్యలో బర్మా. మీది ఇంత చిక్కుగా ఉండకపోవచ్చు, పద్ధతి మాత్రం ఒకటే.

మొదటి పని: కాగితాల జోలికి పోకముందు మనుషుల దగ్గర కూర్చోండి

అది కూడా ఈ వారంలోనే. ఇంట్లో ఎనభై దాటిన పెద్దమ్మో, మేనత్తో, నాన్నకి వరసకి బాబాయి అయ్యే ఆయనో ఉంటే ఆఫీసుల చుట్టూ తిరిగే పని తర్వాత పెట్టుకోండి. రిజిస్టర్ ఇంకో ఏడాది ఆగుతుంది. మధ్యాహ్నం భోజనాలయ్యి ఇల్లు సర్దుమణిగాక, రికార్డింగ్ చేస్తున్నానని చెప్పి, సరేనన్నాకే ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చోండి. ఒక్కళ్ళతో మాట్లాడటం కన్నా ఇద్దరు అక్కచెల్లెళ్ళని కూర్చోబెడితే మంచిది, ఒకరు మర్చిపోయింది ఇంకొకరు అందుకుంటారు, "కాదే, అది చిన్నత్తయ్య పెళ్ళప్పుడు" అని సరిదిద్దుకుంటారు, అసలు విషయాలన్నీ ఆ వాదనలోనే బయటికొస్తాయి.

"ఏ సంవత్సరంలో పుట్టావు?" అని అడక్కండి, టెన్షన్ పడి ఏదో ఒకటి చెప్తారు. జ్ఞాపకాలు సంవత్సరాలతో ఉండవు, సంఘటనలతో ఉంటాయి. కృష్ణా జిల్లా వాళ్ళని దివిసీమ ఉప్పెనకి (1977 నవంబర్ 19) నీ చంకలో ఎవరున్నారు అని అడగండి. తెలంగాణలో పోలీస్ యాక్షన్ (1948 సెప్టెంబర్) నాటికి మీ అమ్మకి పెళ్ళయిందా అని అడగండి. విశాఖపట్నం, కాకినాడ వాళ్ళయితే 1942 ఏప్రిల్ 6న జపాన్ వాళ్ళు బాంబులేసిన రోజు ఊరొదిలి వెళ్ళారా, వెళ్తే ఎవరింటికి వెళ్ళారు అని అడగండి. ఆ ఎవరింటికి అనేదే మనకి కావాలి, ఎందుకంటే ప్రాణం మీదికొచ్చినప్పుడు ఆడవాళ్ళు పిల్లల్ని తీసుకుని మామూలుగా పుట్టింటికే పోతారు.

నాకు బాగా పనికొచ్చిన ప్రశ్నలు ఇవి. నీకు పురుడు ఎక్కడ పోశారు? తొలిచూలు పురుడు పుట్టింట్లోనే కాబట్టి, ఇంట్లో పెద్దబిడ్డ పుట్టిన ఊరు చాలాసార్లు తల్లి పుట్టిల్లే అవుతుంది. అంటే పెద్దకొడుకు జనన రికార్డు సొంత ఊళ్ళో కనపడకపోతే వాళ్ళమ్మ ఊరి పంచాయతీలో వెతకాలన్నమాట. నిన్ను పెళ్ళిలో బుట్టలో ఎత్తుకొచ్చింది ఎవరు? ఆయన మేనమామ, అంటే చెప్పేవాళ్ళ అమ్మ పుట్టింటి ఇంటిపేరు చేతికొచ్చినట్టే. సారె ఏ ఊరి నుంచి వచ్చింది? ఫలానా ఇంట్లో ఎవరైనా పోతే మనకి మైల ఎన్నాళ్ళు? పదిరోజులంటే దాయాదులు, మూడురోజులంటే చుట్టరికం ఇంకో దారిలో వచ్చింది. బంధుత్వం ఎంత దగ్గరో చెప్పలేని పెద్దవాళ్ళు కూడా మైల లెక్క మాత్రం ఠక్కున చెప్తారు.

ఒక జాగ్రత్త. "మా అన్న" అన్నారంటే సొంత అన్నే అనుకుని రాసేయకండి, పెదనాన్న కొడుకు కావచ్చు, పెద్దమ్మ కొడుకు కావచ్చు. "ఒకే తల్లి బిడ్డలేనా?" అని ప్రతిసారీ అడగండి. ఇంకోటి, రెండో పెళ్ళిళ్ళు, ఇల్లొదిలి వెళ్ళిపోయినవాళ్ళు, బావిలో పడి చనిపోయిన కోడళ్ళు, ఇలాంటివి ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. ఎవరైనా మాట మధ్యలో ఆపేస్తే గుచ్చి గుచ్చి అడక్కండి. చాలాసార్లు మళ్ళీ వెళ్ళినప్పుడు వాళ్ళంతట వాళ్ళే చెప్తారు, చెప్పకపోతే అది వాళ్ళిష్టం.

రెండో పని: అటక దించండి

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే. మీ ఇంట్లో పాత ఇత్తడి, కంచు సామాను ఉందా? బిందెలు, గంగాళాలు, మరచెంబులు? అమ్ముకోకుండా మిగిలి ఉంటే మీరు అదృష్టవంతులు. వాటి మెడ దగ్గరో, అంచు కిందో చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలుంటాయి. పెళ్ళికి ఇచ్చినవాళ్ళ పేరు, కొన్నిటి మీద ఊరు, కొన్నిటి మీద తేదీ. తోమీ తోమీ అరిగిపోయి పైకి ఏమీ కనపడదు. చింతపండుతో తోమి, ఆరాక, ఆ చోట ముగ్గుపిండి వేలితో రుద్ది, పైపైన గుడ్డతో తుడిచేయండి, పిండి చుక్కల్లో నిలిచిపోయి అక్షరం తెల్లగా పైకి తేలుతుంది. గదిలో లైటు ఆపేసి టార్చి ఎదురుగా కాకుండా పక్క నుంచి, బాగా వాల్చి వేసి ఫొటో తీయండి. మా పెద్దమ్మ ఇంట్లో నీళ్ళ బిందె మీద ఇలాగే ఒక ఆడమనిషి పేరు, దాని ముందు మేమెవరం వినని ఇంటిపేరు కనపడ్డాయి. అడిగితే పెద్దమ్మ చాలాసేపు ఆలోచించి, అది వాళ్ళమ్మమ్మ పుట్టింటి ఇంటిపేరు అయ్యుండాలి అంది. రోజూ నీళ్ళు పట్టుకునే బిందె అది.

తర్వాత చదివింపుల పుస్తకం. తెలంగాణలో కట్నాలు రాసిన పుస్తకం అంటారు. పెళ్ళిలో ఎవరు ఎంత చదివించారో పేరు, ఊరు వేసి రాసి ఉంచుకుంటారు కదా, తిరిగి వాళ్ళింట్లో శుభకార్యానికి పెట్టాలి కాబట్టి పారేయరు. 1950ల నాటి పుస్తకం ఒకటి దొరికితే ఆనాటికి బతికున్న చుట్టాలందరి జాబితా ఊళ్ళతో సహా మీ చేతిలో ఉన్నట్టే. మేనమామల చదివింపులు ఎక్కడున్నాయో చూడండి.

శుభలేఖలు, ట్రంకుపెట్టెలో పాత ఉత్తరాలు, ఫొటోల వెనక రాతలు, జాతకాలు, ఎస్సెల్సీ పుస్తకాలు, పోస్టాఫీసు పాస్‌బుక్కులు, ప్రోనోట్లు, అన్నీ ముందు ఫొటో తీయండి, తర్వాత చదవండి. స్కూలు సర్టిఫికెట్లలో పుట్టినతేదీని మాత్రం గట్టిగా నమ్మొద్దు. జూలై 1 అని ఉంటే చేర్పించేటప్పుడు మేస్టారు వేసిన తేదీ అయ్యే అవకాశమే ఎక్కువ.

జాతకంలో అయితే తేదీ ఉండకపోవచ్చు, సంవత్సరం పేరు, మాసం, తిథి ఉంటాయి. అరవై ఏళ్ళకోసారి అదే పేరు తిరిగొస్తుంది. ప్రభవ అంటే 1867 గానీ 1927 గానీ 1987 గానీ. వికారి అంటే 1899, 1959, 2019. ఏ అరవైలోదో పిల్లల వయసులు పోల్చి చూస్తే తేలిపోతుంది. ఉగాదికి ముందు నెలలైతే (మాఘం, ఫాల్గుణం) ఇంగ్లీషు సంవత్సరం ఒకటి పెరుగుతుందని గుర్తుపెట్టుకోండి. కరువుల పేర్లు కూడా ఇలాగే వచ్చాయి. గుంటూరు ప్రాంతంలో నందన కరువు అంటే 1832-33, ధాత కరువు అంటే 1876లో మొదలైంది. "ధాత కరువులో మనవాళ్ళు ఊరొదిలి వచ్చారు" అని ఇంట్లో ఎవరన్నా అంటే అది వలస తేదీ.

మూడో పని: భూమి కాగితాలు

ఇక్కడ ఓపిక కావాలి. మన దేశంలో మామూలు మనిషి పేరు కాగితం మీదికెక్కిందంటే ఎక్కువగా భూమి వల్లే. ముందు మీ ఇంట్లో ఉన్న దస్తావేజులు చదవండి. పాత దస్తావేజు మొదట్లోనే ఊరు, తాలూకా, తండ్రి పేరు, కులం, వృత్తి వస్తాయి. అమ్మకం దస్తావేజుల కన్నా మనకి పనికొచ్చేవి మూడు రకాలు.

ఒకటి పసుపు కుంకుమ కింద కూతురికి రాసిచ్చిన భూమి. రాసిచ్చిన తండ్రి, పుచ్చుకున్న కూతురు, ఆమె భర్త, అతని ఊరు, అంటే పుట్టిల్లు, మెట్టినిల్లు రెండూ ఒకే కాగితంలో. రెండోది పారీఖత్తు, అంటే అన్నదమ్ముల పంపకాల కాగితం. అందులో విధవరాలైన తల్లికో, వదినకో మనోవర్తి కింద ఇంత ధాన్యం ఇవ్వాలని రాస్తారు, అక్కడ ఆవిడ పేరు రాయక తప్పదు. మూడోది హక్కు విడుదల. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబర్ 5 నుంచి, అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకి కూడా ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా వచ్చింది. ఆ తర్వాత కొనేవాళ్ళు ఆడపిల్లల సంతకాలు కూడా కావాలని అడగడం పెరిగింది. వాటా వదులుకుంటున్నామని పెట్టిన ఆ సంతకాలు చూస్తే నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది, కానీ అంతకుముందు ఏ కాగితంలోనూ లేని అక్కచెల్లెళ్ళ పేర్లు, భర్తల పేర్లు, ఊళ్ళు అక్కడ వరసగా ఉంటాయి.

ఇంట్లో కాగితాలు లేకపోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళాలి. 1983 నుంచి ఇటు ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) ఆన్‌లైన్‌లోనే చూసుకోవచ్చు. అంతకు ముందువి కావాలంటే ఆఫీసులో వెతికించాలి. సర్వే నంబరు, ఊరు, సుమారు ఏ సంవత్సరాల మధ్యో రాసి తీసుకెళ్ళండి, ఊరికే "మా తాత కాగితాలు" అంటే ఎవరూ పట్టించుకోరు. దస్తావేజు నంబరు దొరికితే నకలుకి దరఖాస్తు పెట్టండి. మేము ఒకచోట అడిగితే పాత పుస్తకాలు చెదలు పట్టాయన్నారు. సమాచార హక్కు కింద రాతపూర్వకంగా అడిగాక వెతికి ఇచ్చారు. ఆ చట్టం ప్రకారం 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆఫీసులో గొడవపడక్కర్లేదు, కాగితం పెట్టండి చాలు.

రెవెన్యూ వైపు ఆంధ్రలో అయితే ఆర్‌ఎస్‌ఆర్ (సర్వే చేసి భూములు ఎవరివో రాసిన రిజిస్టర్), పాత అడంగళ్ళు (ఏటా ఏ భూమి ఎవరి సాగులో ఉందో రాసే లెక్కలు) అడగాలి. తెలంగాణలో 1954-55 నాటి ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరిదో, ఎవరి సాగులో ఉందో రాసిన పుస్తకం) అసలైన మెట్టు, దానికి వెనక సేత్వార్, అంటే పాత సర్వే రిజిస్టర్. పాతవి చాలా ఉర్దూలో ఉంటాయి. మీ ఊళ్ళోనే ఉర్దూ మీడియంలో చదువుకున్న పెద్దాయన ఎవరో ఒకరు ఉంటారు, మాకు అలా ఒక రిటైర్డ్ మేస్టారు ఓపిగ్గా చదివి పెట్టారు. పాత లెక్కల్లో ఫసలీ (రెవెన్యూ వాళ్ళు వాడే సంవత్సరం) అని ఉంటే దానికి 590 కలపండి: 1364 ఫసలీ అంటే 1954-55. 1984లో కరణం, మునసబు, పటేల్ పట్వారీ పదవులు తీసేసినప్పుడు అన్ని కట్టలూ ఆఫీసుకి చేరలేదు, కొన్ని వాళ్ళ ఇళ్ళలోనే ఉండిపోయాయి. ఆ ఇంటివాళ్ళతో మర్యాదగా, పండో ఫలమో పట్టుకెళ్ళి మాట్లాడండి. పొలం తగాదా కోసం వచ్చారేమో అని మొదట భయపడతారు, ముత్తమ్మమ్మ పేరు కోసం అని చెప్తే మొహం మారిపోతుంది.

ఇంకా వెనక్కి, ఊరి పుట్టుపూర్వోత్తరాలు కావాలంటే ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ సేకరింపజేసిన కైఫీయత్తులు, అంటే ఊళ్ళ చరిత్రలు, చూడండి. కావలి బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య లాంటివాళ్ళు ఊరూరా తిరిగి రాయించినవి. కడప జిల్లావి అక్కడి సి.పి. బ్రౌన్ కేంద్రం అచ్చేసింది. వాటిలో మీ ముత్తాత పేరు దొరుకుతుందనుకోవద్దు, ఊరు ఎవరి పాలనలో ఉంది, కరణీకం ఎవరిది లాంటివి దొరుకుతాయి. మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలకి చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్, నిజాం కాలం కాగితాలకి హైదరాబాద్ తార్నాకలోని ఆర్కైవ్స్. ఇవన్నీ చివర్లో చేసే పనులు, ఊరు, తాలూకా, ఇంచుమించు సంవత్సరం తెలియకుండా వెళ్తే రోజులు వృథా.

నాలుగో పని: మన వంశాలు నోటితో కాపాడినవాళ్ళ దగ్గరికి వెళ్ళండి

భూమి లేని ఇళ్ళ సంగతేంటి అంటారు. భూమి కాగితాల మీదే ఆధారపడితే సగం ఊరు చరిత్రలో ఉండదు, నిజమే. కానీ మన దగ్గర ఒక్కో కులానికీ ఆ కులం పుట్టుక, గోత్రాలు, వంశాలు చెప్పే ఆశ్రిత కులాలు ఉన్నాయి. రెడ్లకి, కాపులకి పిచ్చకుంట్లవాళ్ళు, మాదిగలకి డక్కలివాళ్ళు, గొల్లలకి మందహెచ్చులవాళ్ళు, పద్మశాలీలకి కూనపులివాళ్ళు, విశ్వబ్రాహ్మణులకి రుంజవాళ్ళు. ఏ ఇల్లు ఎవరి వంతో వాళ్ళలో వాళ్ళకి హక్కులుంటాయి. మీ ఊరికి వచ్చే కుటుంబం ఏదో పెద్దవాళ్ళని అడిగి తెలుసుకుని, వాళ్ళ ఊరికే వెళ్ళి, ఇవ్వాల్సిన సంభావన నిండుగా ఇచ్చి వినండి. వాళ్ళ పిల్లలు వేరే పనుల్లోకి వెళ్ళిపోతున్నారు. ఈ పని ఇంకో పదేళ్ళకి వాయిదా వేస్తే చెప్పేవాళ్ళు దొరకరని నా బాధ.

తద్దినాలు పెట్టే ఇళ్ళయితే పురోహితుడి దగ్గర మూడు తరాల పేర్లు, గోత్రం ఉంటాయి. తర్పణాల్లో అమ్మ వైపు వాళ్ళని కూడా తలుచుకుంటారు కదా. కానీ జాగ్రత్తగా చూస్తే అందులో వచ్చేది అమ్మమ్మ, ఆమె అత్తగారు, ఆ అత్తగారి అత్తగారు. అమ్మమ్మ వాళ్ళ అమ్మ ఆ వరసలో రాదు. అందుకే ఆవిడ కోసం విడిగా వెతకాలి. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి, ఎలాగూ పిండప్రదానాలకి పేర్లు రాసుకుంటారు, ఆ చీటీ ఈసారి పారేయకుండా పక్కనే ఊళ్ళు కూడా రాసి ఉంచండి. కాశీ, గయల్లో పండాల (అక్కడి తీర్థ పురోహితుల) దగ్గర యాత్రికుల పుస్తకాలుంటాయి, మీ పూర్వీకులు వెళ్ళి ఉంటే సంతకాలతో సహా దొరకొచ్చు.

ఇలవేల్పు ఎక్కడ, పేరంటాలు ఎవరు అని కూడా అడగండి. చాలా ఇళ్ళకి పొలంలో ఒక పేరంటాలమ్మ గుడో, రాయో ఉంటుంది, పెళ్ళికి ముందు అక్కడ పసుపు కుంకుమ పెట్టి వస్తారు. ఆవిడ కథలో ఎప్పుడో చనిపోయిన ఒక కోడలో, కూతురో ఉంటుంది. వంశవృక్షంలో లేని పేరుకి మనవాళ్ళు వందేళ్ళకి పైగా కొబ్బరికాయ కొడుతున్నారు.

క్రైస్తవ కుటుంబాలకి చర్చి రిజిస్టర్లు పెద్ద వరం. బాప్తిస్మం, పెళ్ళి, భూస్థాపన అన్నీ తేదీలతో, ఆడవాళ్ళ పేర్లతో. గుంటూరులో లూథరన్ మిషన్ 1842లో మొదలైంది. ఒంగోలు ప్రాంతంలో ధాత కరువు వెనకాలే, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మీది ఆ ప్రాంతమైతే పాత సంఘం ఏ మిషన్‌దో ముందు తెలుసుకుని అక్కడ అడగండి.

సముద్రం దాటినవాళ్ళు

ఫిజీ, మారిషస్, దక్షిణాఫ్రికాల్లో పుట్టి ఇక్కడ వేర్లు వెతుక్కుంటున్న తెలుగువాళ్ళకి ఒక విషయంలో మనకన్నా నయం. ఒప్పందం కూలీలుగా వెళ్ళిన దాదాపు ప్రతి ఆడ, మగకీ కాగితం ఉంది. ఫిజీకి వెళ్ళినవాళ్ళ ఎమిగ్రేషన్ పాసులో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఓడ పేరు ఉంటాయి. ఫిజీకి దక్షిణాది నుంచి ఓడలు 1903 నుంచి 1916 దాకా నడిచాయి. మారిషస్ రికార్డులు అక్కడ మోకా అనే ఊళ్ళోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. దక్షిణాఫ్రికాలోని నటాల్‌కి మొదటి ఓడ ట్రూరో 1860లో మద్రాసు నుంచే వెళ్ళింది. ఇబ్బంది ఊళ్ళ పేర్లతో. తెల్లదొర విన్నట్టు రాశాడు కాబట్టి ఆ స్పెల్లింగుని పైకి రెండు మూడు రకాలుగా చదివి, పాత తాలూకాల జాబితాతో పోల్చాలి. అలా ఎవరైనా మీ ఊరి పేరు అడుగుతూ వస్తే దయచేసి జవాబివ్వండి.

బర్మాకి వెళ్ళినవాళ్ళకి అలాంటి పాసు లేదు. టికెట్ కొనుక్కుని కాకినాడ, విశాఖ రేవుల నుంచి వెళ్ళారు, వచ్చారు. 1941 డిసెంబర్‌లో రంగూను మీద బాంబులు పడ్డాక లక్షలమంది నడిచీ, పడవల్లోనూ పారిపోయి వచ్చారు. మా అమ్మమ్మ వాళ్ళ అమ్మ అలా వచ్చినవాళ్ళలో ఒకావిడ. ఇంట్లో అందరూ రంగూను అమ్మమ్మ అనే పిలిచేవాళ్ళు, అదే పేరై కూర్చుంది. బిందె మీద ఇంటిపేరు ఆవిడ పుట్టింటిదే అని ఇప్పుడు నమ్ముతున్నాను, పక్కనున్న పేరు మాత్రం బిందె ఇచ్చినవాళ్ళది కావచ్చు. ఆవిడ అసలు పేరు, ఆవిడని కన్న తల్లి పేరు సంపాదించాలని నా కోరిక. ఆ ఇంటిపేరు వాళ్ళు తాళ్ళరేవు వైపు ఉన్నారని విన్నాను, వచ్చే సంక్రాంతికి ఆ ఊళ్ళకి వెళ్తున్నాను.

చివరగా, రాసిపెట్టడం

వంశవృక్షం రాసుకునే సాఫ్ట్‌వేర్ ఏదైనా పర్వాలేదు, గ్రాంప్స్ అనేది ఉచితంగా దొరుకుతుంది. కానీ ముందు ఒక లావుపాటి నోటుబుక్కు పెట్టండి. మనిషికో పేజీ. పేరు, పుట్టింటి ఇంటిపేరు, అత్తింటి ఇంటిపేరు, ఊళ్ళు, ఆ పక్కనే ఈ సంగతి ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, లేదా ఏ కాగితంలో ఉంది. ఇద్దరు రెండు రకాలుగా చెప్తే రెండూ రాయండి. తాత పేరు మనవడికి పెడతాం కాబట్టి ఒకే పేరు తరం విడిచి తరం వస్తుంది. 1910 దస్తావేజులో ఉన్నది తాతో, తాత తాతో తండ్రి పేరు చూసి తేల్చుకోండి. మేనరికాలు ఉన్న ఇళ్ళలో ఒకే మనిషి రెండు వైపులా చుట్టం అవుతారు, సాఫ్ట్‌వేర్‌లో ఆవిణ్ణి రెండుసార్లు ఎక్కించకుండా చూసుకోండి. దత్తత వెళ్ళినవాళ్ళకి కన్నవాళ్ళు, పెంచుకున్నవాళ్ళు ఇద్దరి పేర్లూ రాయండి.

బతికున్నవాళ్ళ పుట్టినతేదీలు, ఫోన్ నంబర్లు, ఆస్తి వివరాలు ఆన్‌లైన్‌లో పెట్టకండి. కుటుంబం వాట్సాప్ గ్రూపులో కూడా దస్తావేజుల ఫొటోలు పెట్టొద్దు. పేర్ల కోసం మొదలుపెట్టింది పొలం గట్టు తగాదాగా మారుతుంది. పెద్దవాళ్ళ ఫొటోలు పెట్టి "ఈ వెనక నిలబడ్డ ఆవిడ ఎవరు?" అని అడగండి చాలు, అమెరికాలో ఉన్న పిన్ని కూడా నిద్ర మానుకుని జవాబిస్తుంది.

కాస్త రూపం వచ్చాక జిరాక్సులు తీసి, ఇంట్లో జరిగే పెళ్ళికో, సంవత్సరీకానికో ఇంటికొకటి చొప్పున ఇవ్వండి. పూర్తయ్యాక ఇద్దాం అని ఆగొద్దు. తెలియని పేర్ల దగ్గర ఖాళీ గీత వదిలి, "తెలిస్తే పెన్నుతో రాసి ఫొటో పంపండి" అని పైన రాయండి. మా వాళ్ళ దగ్గర్నుంచి ఎక్కువ పేర్లు వచ్చింది ఆ ఖాళీల వల్లే.